పగలని గురిగి

అనగనగా ఒక రాజుగారు. తామ్రగిరి రాజ్యానికి ఏలిక, పేరు ఉదయకేతు మహారాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతు, రెండోవాడు జయకేతు, మూడోవాడు మణికేతు. కోటలో బంగారు పళ్లేలున్నాయి, వెండి గిన్నెలున్నాయి. అయినా రాజుగారికి పప్పు మట్టికుండలో ఉడికితేనే ముద్ద దిగేది. ఆ కుండ చేసేవాడి పేరు తిప్పన్న. పిల్లలూ, ఇవాళ నేను చెప్పబోయేది ఆ కుమ్మరి తిప్పన్నకి జరిగిన సంగతి.

తిప్పన్న ఇల్లు ఊరికి పడమట, వాగు ఒడ్డున ఉండేది. పెళ్లాం ఎల్లి, ఒక గాడిద, కుండలు చేసే సారె. ఇదే అతని సంసారం. పొద్దున్నే గాడిదను తోలుకుని వాగు దాటి మట్టి తవ్వి తెచ్చేవాడు. ఎల్లి ఆ మట్టిలో రాళ్లూ వేళ్లూ ఏరి, జల్లించి, గుంటలో పోసి నీళ్లు పెట్టేది. ఒక రోజంతా నానబెట్టి, ఆ తర్వాత తొక్కాలి. తొక్కడం ఎల్లి పని. చీర మోకాళ్ల పైకి దోపుకుని, గుంటలోకి దిగి, ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, మట్టి వెన్నముద్దలా అయ్యేదాకా తొక్కేది. తొక్కుతూ పాడేది.

"నానవే మట్టీ నానవే,
నా కాలి కింద మెత్తనవవే,
ఏ ఇంటి అన్నమో ఉడకాలి,
ఏ ఇంటి దాహమో తీరాలి."

ఆ పాట వాగు అవతలి పొలాల దాకా వినిపించేది. కలుపు తీసే ఆడవాళ్లు ఆ పాటకే చేతులు ఆడించేవారు. తిప్పన్న కూడా ఆ పాటకే సారె తిప్పేవాడు. ముద్ద సారె మీద పెట్టి, కర్రతో గిర్రున తిప్పి, వేళ్లతో ఇలా లేపితే కడవ మెడ లేచేది. దారంతో కోసి దించేవాడు. కాస్త ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి పలచన చేసేవాడు. నీడలో ఆరబెట్టి, ఆవంలో పేర్చి, గడ్డీ పిడకలూ కప్పి నిప్పు పెట్టేవాడు. ఆవం చల్లారాక ఒక్కొక్క కుండా వేలితో కొట్టి చూసేవాడు. ఖంగుమంటే మంచిది. బొద్దుమంటే ఎక్కడో బీట ఉన్నట్టు.

ఒకనాడు మధ్యాహ్నం ఒక కొత్తమనిషి వచ్చాడు. తలవెంట్రుకలు పొగలాగ పైకి లేచి ఉన్నాయి. కళ్లకి రెప్పపాటు లేదు. వచ్చీ రాగానే ఒక కుండ తీసి కింద వదిలేశాడు. అది పగిలింది. రెండోది తీసి వదిలేశాడు. అదీ పగిలింది. మూడోది తీశాడు.

"ఏమయ్యా, నీకేం పోయేకాలం! కష్టపడి చేసినవి!" అని తిప్పన్న లేచాడు.

మూడోది కూడా వదిలేసి ఆ మనిషి నవ్వాడు. "ఏడు ఊళ్లలో నీ పేరు విని వచ్చాను, తిప్పన్నా. నీ కుండ కూడా అందరి కుండల్లాగే పగులుతోందే!"

ఆ మాట తిప్పన్నకి ముల్లులా గుచ్చుకుంది. "కుండన్నాక పగలదా?" అన్నాడు.

"పగలని బుల్లి కుండ, ఒక గురిగి చెయ్యి. మూతతో సహా. రాతి మీద వేసినా పగలకూడదు, నిప్పులో వేసినా పేలకూడదు, నీళ్లలో వేసినా కరగకూడదు. చేశావా, నీలాంటి కుమ్మరి భూమ్మీద లేడని నేనే ఒప్పుకుంటాను."

గుంట గట్టున కూర్చున్న ఎల్లి ఈ మాట విని దగ్గరికి వచ్చింది. "మావా, పగలని కుండ ఎవరిక్కావాలి? వద్దని చెప్పి పంపెయ్యి. ఇతని చూపు నాకు నచ్చలేదు" అంది మెల్లగా.

"నువ్వూరుకో" అన్నాడు తిప్పన్న.

కొత్తమనిషి మొలలోంచి చిన్న మూట తీశాడు. అందులో ఎర్రటి పొడి. "దీన్ని మట్టిలో కలిపి తొక్కించు. తొక్కేవాళ్ల దగ్గర్నుంచి ఈ పొడి కొంచెం తీసుకుంటుంది. అందువల్లే గట్టిపడుతుంది" అని చెప్పి మూట చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఏం తీసుకుంటుందని తిప్పన్న అడగలేదు. అడగాలని నోటి చివరిదాకా వచ్చింది. అడిగితే ఆ పని చెయ్యనవసరం లేకుండా పోతుందేమోనని మింగేశాడు. పోనీ, మట్టి తనే తొక్కవచ్చు. కాని కాళ్లు అలిస్తే సారె దగ్గర చెయ్యి వణుకుతుందని తనకు తనే చెప్పుకున్నాడు. పొడి మట్టిలో కలిపి, ఎల్లితో ఒక్క మాట కూడా చెప్పకుండా, "ఇది కాస్త తొక్కిపెట్టు" అన్నాడు.

ఎల్లి తొక్కింది, పాడింది. పాట సగంలో ఆగిపోయింది. తిప్పన్న సారెకి నూనె రాస్తున్నాడు, తల తిప్పలేదు.

ఆ మట్టితో గురిగి చేశాడు. అరచేతిలో పట్టేంత గురిగి, దానికి సరిగ్గా కూర్చునే మూత. అంత అందమైన గురిగి అతని చేతి కింద ఎన్నడూ పుట్టలేదు. కాల్చాడు. రాతి మీద వేస్తే ఎగిరి పడిందే కాని పగల్లేదు. నిప్పులో పేలలేదు, నీళ్లలో కరగలేదు. మూడో రోజున ఆ మనిషి వచ్చి, మారుమాట లేకుండా గురిగి తీసుకుని పోయాడు.

పని ధ్యాసలో అన్ని రోజులూ ఎల్లిని పలకరించని తిప్పన్న, ఇప్పుడు సంతోషం పట్టలేక, "ఎల్లీ, చూశావా!" అని అరిచాడు. ఎల్లి నోరు తెరిచింది. మాట రాలేదు. గొంతు పట్టుకుని మళ్లీ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

పిల్లలూ, ఆ తర్వాత ఎల్లి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తిప్పన్న ఆమెను ముగ్గురు వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాడు. ఒకాయన తేనె నాకించాడు. ఒకాయన మిరియాల కషాయం తాగించాడు. మూడో ఆయన, "ఇది రోగం కాదయ్యా, ఈమె గొంతు ఎవరో పట్టుకుపోయారు" అన్నాడు. ఆ మాటకి తిప్పన్న తలవంచుకున్నాడు. దారి పొడుగునా చెబుదామనుకున్నాడు. ఇంటికి వచ్చాక చెబుదామనుకున్నాడు. రేపు చెబుదామనుకున్నాడు. అలా ఏడేళ్లు గడిచాయి. ఎల్లి మట్టి తొక్కుతూనే ఉంది. గుంటలో బురద చప్పుడు ఒక్కటే వినిపించేది.

ఇది ఇలా ఉండగా, రాజుగారి మేనకోడలు కువలయ అని ఒక పిల్ల ఉండేది. రాజుగారి ముగ్గురు కొడుకులకీ మరదలు. ఒకరోజు ఆమె తోటలో పూలు కోస్తుండగా సుడిగాలి వచ్చి, అందరూ చూస్తుండగానే ఎత్తుకుపోయింది. ఏడు సముద్రాల అవతలి ద్వీపంలో ఉండే ధూమ్రకేశుడనే మాంత్రికుడి పని అది. మరదల్ని తెస్తానని రణకేతు వెళ్లాడు. ఏడాదైనా రాలేదు. జయకేతు వెళ్లాడు. అతనూ రాలేదు. మూడోవాడు మణికేతు కత్తి కట్టుకుంటుండగా, కొలువు కిటికీలో ఒక చిలుక వచ్చి వాలింది.

"రాజా! మా దొర మాట చెప్పి పొమ్మన్నాడు. మీ పెద్దబ్బాయి మా దొర ప్రాణం నాలో ఉందనుకుని నా మెడ పిసకబోయాడు. పాతకాలపు బుద్ధి! రెండో అబ్బాయి ప్రాణమున్న గురిగిని కనిపెట్టాడు కాని, రాతికేసి కొట్టినా అది పగల్లేదు. ఇద్దరూ ఇప్పుడు మా వాకిట్లో మట్టిబొమ్మలు. ఆ గురిగి చేసింది మీ ఊరి కుమ్మరే. చేతనైతే పగలగొట్టుకోండి!" అని కిచకిచ నవ్వి ఎగిరిపోయింది.

తిప్పన్నని పిలిపించారు. అతను నేల చూస్తూ నిలబడ్డాడు.

"ఆ గురిగి నువ్వే చేశావా?" అన్నారు రాజుగారు.

"నేనే, మహాప్రభూ. ఎందుకు అడుగుతున్నాడో తెలీక చేశాను."

రాజుగారి చెయ్యి కత్తి మీదికి పోయింది. ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషి. అంతలో మణికేతు ముందుకొచ్చి, "తిప్పన్నా, నాతో వస్తావా? చేసినవాడికి తెలియని కిటుకు ఉండదు కదా" అన్నాడు.

"వస్తాను, దొరా" అన్నాడు తిప్పన్న.

ఇంటికి వచ్చి ఎల్లితో, "ఆ గురిగి కోసం పోతున్నాను" అన్నాడు. ఎల్లి ఏమీ అడగలేదు, అడగడానికి గొంతు లేదు. రాగిముద్దలు గుడ్డలో కట్టి ఇచ్చింది. అతని చెయ్యి పట్టుకుని ముఖంలోకి చూసింది. అప్పుడైనా చెప్పవలసింది. గుమ్మం బయట మణికేతు గుర్రం సకిలించింది. తిప్పన్న చెయ్యి విడిపించుకుని, గాడిదను తోలుకుని వెళ్లిపోయాడు.

మూడు రోజులు ప్రయాణం చేసి ఒక అడవి చేరారు. దట్టమైన అడవి కావడంతో మణికేతు తన గుర్రాన్ని ఇవతలే వదిలేశాడు. ఆ అడవి దాటితే మాంత్రికుడి ఎల్ల. అక్కడ జంతువులకి మాటలొస్తాయి. అడవి దాటీ దాటగానే తిప్పన్న వెనకనుంచి ఎవరో, "అబ్బా, నడుం విరిగింది" అన్నారు. చూస్తే గాడిద!

మణికేతు ఆశ్చర్యపోయి నవ్వాడు. తిప్పన్న కూడా నవ్వబోయాడు. కాని గాడిద నవ్వలేదు.

"తిప్పన్నా, పన్నెండేళ్లుగా నీ మట్టి మోస్తున్నాను. నిన్నొకటి అడగాలని ఏడేళ్లుగా ఉంది. ఆ రోజు ఎల్లమ్మ పాట ఆగిపోయినప్పుడు నేను గుంట పక్కనే కట్టేసి ఉన్నాను. ఆమె గొంతు పట్టుకుని నీ వంక చూసింది. చేతులు ఊపింది. కాలితో గట్టు తన్నింది. నీకు పది అడుగుల దూరం. నువ్వు ఎందుకు తిరిగి చూడలేదు?"

తిప్పన్న ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"చూడలేదా, చూడదలచుకోలేదా?" అంది గాడిద.

తిప్పన్న దారి పక్కన కూలబడి ఏడ్చాడు. ఏడుస్తూనే ఎర్రపొడి సంగతి మొత్తం మణికేతుకి చెప్పాడు. మణికేతు చిన్నవాడే అయినా నెమ్మది గలవాడు. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఈ మాట నాకు చెప్పి లాభం లేదు, తిప్పన్నా. చెప్పవలసిన మనిషి ఇంటి దగ్గరుంది. పని చూసుకుని త్వరగా వెళదాం, లే" అన్నాడు.

సముద్రం వచ్చింది. ఒకటి కాదు, ఏడు, ఒకదాని వెనక ఒకటి. ఓడ లేదు. తిప్పన్న ఒడ్డున మట్టి తీసి, తనే తొక్కి, కడవలు చేసి, కాల్చి, నోళ్లకి మూతలు పెట్టి లక్కతో మూసి, తీగలతో కట్టి తెప్ప చేశాడు. అంతలో ఒక ముసలి తాబేలు ఈదుకుంటూ వచ్చింది. దాని డిప్ప మీద పెద్ద బీట.

"బాబూ, ఈ బీటలోంచి ఉప్పునీళ్లు దిగి ప్రాణం పోతోంది. నీ దగ్గర లక్క ఉందిగా?" అని అడిగింది.

కుండకి వేసినట్టే, బీటలో లక్క నింపి, బూడిద అద్ది, తడి చేత్తో నున్నగా రాశాడు తిప్పన్న. తాబేలు ఒళ్లు విరుచుకుని చూసుకుంది. "ఇప్పుడు హాయిగా ఉంది. తాడు ఇటు పడెయ్యి" అని తెప్పని లాగడం మొదలుపెట్టింది. మూడు పగళ్లలో ఏడు సముద్రాలు దాటించింది.

ద్వీపం మీద నల్లని కోట. కోట చుట్టూ బూడిద దిబ్బలు. మణికేతు అడుగు వెయ్యబోతే తిప్పన్న భుజం పట్టి ఆపాడు. "బూడిద చూసి మోసపోవద్దు, దొరా. ఆవం పైన చల్లగానే ఉంటుంది. కింద నిప్పు కణకణలాడుతుంది." చేతిలోని గడ్డి పరకలు ఒక్కొక్కటే విసిరాడు. పడ్డచోట అంటుకుంటే అటు పోలేదు. అంటుకోనిచోట అడుగు వేశారు. అలా పరకకో అడుగు చొప్పున కోట చేరారు.

వాకిట్లో రెండు మట్టిబొమ్మలు. ఒకటి రణకేతు, ఒకటి జయకేతు. మణికేతు అన్నల కాళ్లకి దణ్ణం పెట్టుకున్నాడు. లోపల కువలయ ఒంటరిగా కూర్చుని ఉంది.

"బావా! ఎందుకొచ్చావు?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. "మాంత్రికుడు వేటకి పోయాడు, ఇవాళ్టికి ఎనిమిదో రోజున వస్తాడు. నేను ఈ గడప దాటలేను, మంత్రం వేశాడు. వాడు బతికున్నంతకాలం ఇంతే. అదిగో, వాడి ప్రాణం ఆ గదిలో ఉంది. కాని జయకేతు బావ కనిపెట్టాక ఆ గురిగిని అలాంటివే వేల గురుగుల్లో కలిపేశాడు. ఏది అసలుదో నాకు తెలీదు."

గది తెరిచి చూస్తే, నేలనుంచి పైకప్పు దాకా వేల గురుగులు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మధ్యలో కొక్కేనికి చిలుక వేలాడుతోంది. "వెతుక్కో, వెతుక్కో!" అంది.

తిప్పన్న వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి వరస కొట్టాడు. ఖంగు, ఖంగు. రెండో వరస కొట్టాడు. ఖంగు, ఖంగు. మూడో వరసలో మధ్యనున్న గురిగిని కొట్టగానే అతని చెయ్యి ఆగిపోయింది. గురిగిలోంచి సన్నగా పాట వచ్చింది. "నానవే మట్టీ నానవే..."

ఏడేళ్ల తర్వాత ఎల్లి గొంతు. తిప్పన్న గురిగిని గుండెకి ఆనించుకుని గోడకి జారగిలబడ్డాడు.

"దొరికిందిలే కాని ఏం లాభం!" అంది చిలుక. "నువ్వు పగలగొట్టలేవు."

తిప్పన్నకి చిలుక తీరు అర్థమైంది. గొప్పలు చెప్పుకోకపోతే దానికి నిద్రపట్టదు. "అవును పాపం, నీకు మాత్రం ఏం తెలుసు? మీ దొర నీకు చెప్పి ఉండడు" అన్నాడు.

"నాకా? నాకు తెలీకపోవడమా!" అని చిలుక రెక్కలు విదిలించింది. "ఏ కాళ్లు మట్టి తొక్కాయో ఆ కాళ్లే దాన్ని పగలగొట్టాలి. పగిలితే అందులో దాచిన ప్రాణమూ పోతుంది, అందులో కలిసిన గొంతూ పోతుంది. నీ పెళ్లాం గొంతు ఇక ఎన్నటికీ..." అంటూ ఉండగానే మణికేతు పక్కనున్న పెద్ద గోలేన్ని దాని మీద బోర్లించాడు. లోపల చిలుక గొణుగుడు వినిపిస్తూనే ఉంది.

ఇంతదాకా తిప్పన్న మనసులో ఒక ఆశ ఉండేది. గురిగి దొరికితే ఎల్లి గొంతు ఎలాగో తిరిగొస్తుందని. ఇప్పుడా ఆశ పోయింది. మాంత్రికుడు చావాలంటే ఎల్లి గొంతు కూడా చావాలి.

మణికేతు అతని ముఖం చూశాడు. "తిప్పన్నా, తీసుకెళ్లు. పగలగొట్టమని నేను చెప్పను. అది ఆమె ఇష్టం. నేను కువలయని వదిలి రాను" అన్నాడు.

తిప్పన్న ఆ ద్వీపపు మట్టితోనే అచ్చం అలాంటి గురిగి ఒకటి చేశాడు. కోట చుట్టూ ఉన్న నిప్పు సెగకి ఆరబెట్టి, ఆ బూడిదలోనే కాల్చి, మూడో వరస మధ్యలో పెట్టాడు. అసలుదాన్ని గుడ్డలో చుట్టుకుని, గాడిదతో తెప్ప ఎక్కాడు. తాబేలు ప్రాణం పెట్టి ఈదింది. ఒడ్డున దిగాక గాడిద, "ఎక్కు, ఈ ఒక్కసారికి నడుం గురించి అననులే" అని, గుర్రం కూడా పరిగెత్తనంత వేగంగా పరిగెత్తింది. అడవి దాటాక దాని మాటలు పోయాయి. పరుగు మాత్రం ఆగలేదు.

ఎనిమిదో రోజు పొద్దున ధూమ్రకేశుడు కోటకి వచ్చాడు. మణికేతు ఎదురుగా నిలబడి, కత్తియుద్ధానికి రమ్మని పిలిచాడు. కాసేపు మాటలతో నిలబెట్టాడు, కాసేపు కత్తితో నిలబెట్టాడు. చివరికి మాంత్రికుడు మంత్రం చదివి మణికేతునీ కువలయనీ మట్టిబొమ్మల్ని చేసి, నవ్వుకుంటూ గదిలోకి పోయి గురిగిని వేలితో కొట్టాడు. పాట రాలేదు. తీసి విసిరికొడితే ముక్కలైంది. గోలెం కింద చిలుక, "కుమ్మరి! కుమ్మరి పట్టుకుపోయాడు!" అని అరిచింది. మాంత్రికుడు సుడిగాలై లేచాడు.

ఆ వేళకి తిప్పన్న ఇంటి ముందు గాడిద దిగాడు. ఎల్లి గుంటలో మట్టి తొక్కుతోంది. అతన్ని చూసి ఆమె ముఖం విప్పారింది. తిప్పన్న గుంట గట్టున మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎల్లీ, నేను చెప్పేది విను. తర్వాత నీ ఇష్టం. ఆ రోజు ఆ పొడి తొక్కేవాళ్ల దగ్గర్నుంచి ఏదో తీసుకుంటుందని వాడు నాకు చెప్పాడు. ఏం తీసుకుంటుందో నేను అడగలేదు. నీకు చెప్పలేదు. నిన్నే తొక్కమన్నాను. ఏడేళ్లు నువ్వు వైద్యుల చుట్టూ తిరుగుతుంటే పక్కనే నడిచాను, చెప్పలేదు. నీ గొంతు పోగొట్టింది నేనే."

ఎల్లి కదల్లేదు. పడమటి ఆకాశం నల్లబడుతోంది. తాటిచెట్ల తలలు ఊగుతున్నాయి.

తిప్పన్న గుడ్డ విప్పి గురిగిని ఆమె చేతుల్లో పెట్టాడు. "నీ గొంతు ఇందులో ఉంది. దీన్ని దాచుకుంటే, కావాలన్నప్పుడు కొట్టుకుని వినొచ్చు. నీ కాలితో తొక్కితే పగులుతుంది. అప్పుడు మాంత్రికుడు చస్తాడు, రాజుగారి పిల్లలు బతుకుతారు. కాని నీ గొంతు ఇక ఎక్కడా ఉండదు. ఆ రోజు నిన్ను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు ఏది చేసినా సరే."

సుడిగాలి వాగు దాటింది. ఆవం మీది బూడిద లేచింది. ఆరబెట్టిన కుండలు ఒకటొకటే దొర్లి పగులుతున్నాయి. ఎల్లి అటు చూడలేదు. గురిగిని చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టింది. తన పాట తనే విన్నది. మొదటి చరణం విన్నది, రెండో చరణం విన్నది. పాట సగంలో ఆగిపోయిన చోటుదాకా విన్నది. ఆమె పెదవులు ఆ మాటల వెంట కదిలాయి. కళ్లనుంచి నీళ్లు కారి గురిగి మీద పడ్డాయి.

అప్పుడు వంగి, గురిగిని మట్టిలో పెట్టి, కాలు ఎత్తి దాని మీద వేసింది.

గురిగి పెంకులైంది. సుడిగాలిలో పెద్ద కేక పుట్టింది. ధూమ్రకేశుడు ఆకాశంనుంచి బూడిదలా రాలిపోయాడు. ఆ బూడిద రాలుతుండగానే ఒక పాట గుంటలోంచి లేచి, వాగు దాటి, పొలాల మీదుగా పోయింది. తిప్పన్న ఎల్లి ముఖం వంకే చూస్తున్నాడు. చిలుక అబద్ధం చెప్పి ఉంటుందని ఇంకా ఒక మూల ఆశ. ఎల్లి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. నోరు మూసుకుంది.

అక్కడ ద్వీపంలో మట్టిబొమ్మలు కళ్లు తెరిచాయి. రణకేతు, జయకేతు, మణికేతు, కువలయ, నలుగురూ మాంత్రికుడి పడవెక్కి తామ్రగిరి చేరారు. రాజుగారు పట్టరాని సంతోషంతో మణికేతుకీ కువలయకీ పెళ్లి చేశారు. పెళ్లికి ఐరేని కుండలు కుమ్మరి ఇంటినుంచే రావాలి కదా! మేళతాళాలతో అంతఃపుర స్త్రీలు తిప్పన్న ఇంటికి వచ్చారు. సున్నం, జాజు పూసి, పువ్వులు దిద్దిన కుండలు ఎల్లి వరసగా పేర్చి ఉంచింది. కుండలు ఎత్తేటప్పుడు కుమ్మరి ఇంటి ఇల్లాలు పాట ఎత్తుకోవడం ఆ ఊరి ఆచారం. మేళం ఆగింది. అందరూ ఎల్లి వైపు చూశారు. కువలయ పల్లకీ దిగి, ఎల్లి కాళ్లకి దణ్ణం పెట్టి, మొదటి కుండ తనే ఎత్తి నెత్తిన పెట్టుకుంది. మేళం లేకుండా, పాట లేకుండా అందరూ ఆమె వెనక నడిచారు. తిప్పన్న గోడ చాటున నిలబడి అంతా చూశాడు.

రాజుగారు తిప్పన్నకి భూమి ఇస్తానన్నారు. "నేను చేసినదాన్ని ఆమె సరిదిద్దింది, మహాప్రభూ. నాకేమీ వద్దు" అన్నాడు. ఎల్లిని అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది.

పెళ్లి అయిపోయాక ఎల్లి మట్టి గుంటలోకి దిగడం మానేసింది. అన్నం వండేది, పెట్టేది. అతని ముఖం చూసేది కాదు. తిప్పన్న అడగలేదు. మట్టి తనే తెచ్చి, తనే నానబెట్టి, తనే తొక్కి, తనే సారె తిప్పాడు. కాళ్లు అలిసి చెయ్యి వణికేది. కుండలు వంకర వచ్చేవి. వంకరవి పక్కన పెట్టి మళ్లీ తొక్కేవాడు. ఎండాకాలం పోయింది, వానలు పోయాయి, చలికాలం వచ్చింది.

అటు కోటలో ఉదయకేతు మహారాజు ముసలివారై, అన్నలిద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకోగా, మణికేతుకి పట్టం కట్టారు. మణికేతు, కువలయ ఆ రాజ్యాన్ని చాలాకాలం చల్లగా ఏలారు. వాళ్ల కాలంలో దొంగ లేడు, కరువు లేదు, ఏడ్చి పడుకున్న పసిబిడ్డ లేదు.

పట్టాభిషేకం జరిగిన మర్నాడు పొద్దున తిప్పన్న మట్టి తొక్కుతుంటే, ఎల్లి వచ్చి గట్టున నిలబడింది. చాలాసేపు చూసింది. చీర మోకాళ్ల పైకి దోపుకుని గుంటలోకి దిగి, అతన్ని భుజం పట్టి పక్కకి నెట్టి, తొక్కడం మొదలుపెట్టింది.

తిప్పన్న గుంటలోంచి బయటికొచ్చాడు. తాతలనాటినుంచీ సారె గోడవైపు తిరిగి ఉండేది, తిప్పేవాడి వీపు గుంటవైపు ఉండేది. తిప్పన్న గునపం తెచ్చి సారె కింది మేకు పెకలించాడు. గుంటకి ఎదురుగా, ఐదడుగుల దూరంలో కొత్తగా నేల తవ్వి మేకు పాతాడు. సారె ఎత్తి దాని మీద కూర్చోబెట్టాడు. ఎల్లికి అభిముఖంగా కూర్చుని, ముద్ద సారె మీద పెట్టి, తల ఎత్తి ఆమె వంక చూసి, అప్పుడు కర్ర అందుకున్నాడు.